తొమ్మిది మంది ఆఫీసుకు కలర్ లేజర్ ప్రింటర్: లెక్క, ఎంపిక, ఆర్నెల్ల వాడకం

తొమ్మిది మంది పనిచేసే చిన్న కన్సల్టెన్సీ. రోజూ వెళ్లేవి ఉత్తరాలు, కోటేషన్లు, ఇన్‌వాయిస్‌లు. వారానికి రెండు మూడు రిపోర్టులు, వాటిలో చార్టులు, ఫొటోలు, దళసరి అట్ట. ఉన్న పరికరాలు రెండు: పాత బ్లాక్ అండ్ వైట్ లేజర్ ఒకటి, ఇంక్‌జెట్ మల్టీఫంక్షన్ ఒకటి. ఇంక్‌జెట్ వారం రోజులు ఊరుకుంటే నాజిల్ మూసుకుపోతోంది. శుభ్రం చేసిన ప్రతిసారీ ఇంకు సగం ఆ శుభ్రానికే పోతోంది. చివరికి కలర్ రిపోర్టులు బయట ప్రింట్ చేయించుకుంటున్నారు. ఆఫీసు అడిగింది ఒక్కటే: చవకలో ఒక కలర్ లేజర్ కావాలి, ఆ పాత రెండింటినీ తీసేస్తాం.

ఈ అడగడంలోనే రెండు పొరపాట్లున్నాయి. చవక అంటే పెట్టె మీద ధర అనుకోవడం మొదటిది. పాత బ్లాక్ లేజర్‌ని తీసెయ్యాలనుకోవడం రెండోది. ఎలాగో లెక్కలో తేలుతుంది.

ముందు పేజీల లెక్క

నెలకు ఎన్ని పేజీలు తీస్తారని అడిగితే ఏ ఆఫీసులోనూ సరైన జవాబు రాదు. కొందరు ఎక్కువ చెబుతారు, కొందరు తక్కువ చెబుతారు. ప్రింటర్ మాత్రం అబద్ధం చెప్పదు. దాదాపు ప్రతి లేజర్‌లోనూ మెనూలో యూసేజ్ పేజీ ఉంటుంది. మొత్తం పేజీలు, కలర్, బ్లాక్, రెండు వైపులా తీసినవి, జామ్‌ల సంఖ్య అందులో ఉంటాయి. నెల మొదటి తారీఖున ఒకటి, ఆఖరున ఒకటి తీసి తీసివేత చేస్తే చాలు. మామూలు నెల ఒకటి, పని ఒత్తిడి ఉన్న నెల ఒకటి చూడాలి. బయట చేయించుకున్న ప్రింట్లు బిల్లుల్లోంచి కలపాలి.

ఇక్కడ తేలింది: మామూలు నెలలో బ్లాక్ 900 పేజీలు, కలర్ 350. ఒత్తిడి నెలలో రెండూ కలిపి 2,100. ప్రింట్ జాబ్ ఒక్కోదానిలో సగటున రెండే పేజీలు. ఈ చివరి అంకెను ఎవరూ పట్టించుకోరు, కానీ డ్రమ్ము (టోనర్ అనే రంగు పొడిని బొమ్మగా పట్టుకునే రోలర్) ఆయుష్షును తేల్చేది అదే. ఒక పేజీ తీసినా యాభై పేజీలు తీసినా, మొదలుపెట్టేముందు, ఆపేముందు డ్రమ్ములు కొన్ని చుట్లు వట్టినే తిరుగుతాయి. ఒక్కో పేజీ చొప్పున రోజంతా తీసే ఆఫీసులో డ్రమ్ము అరిగేది పేజీల వల్ల తక్కువ, ఈ వట్టి చుట్ల వల్ల ఎక్కువ.

తర్వాత కవరేజి

టోనర్ పెట్టె మీద రాసే పేజీల సంఖ్యకు ఒక ప్రమాణం ఉంది. బ్లాక్ లేజర్‌కు ఐఎస్ఓ/ఐఇసి 19752, కలర్ లేజర్‌కు ఐఎస్ఓ/ఐఇసి 19798. నిర్ణీతమైన పరీక్ష పేజీలను ఆపకుండా వరసగా తీస్తూ కార్ట్రిడ్జ్ ఖాళీ అయ్యేదాకా లెక్కపెడతారు. ఆ పేజీల్లో ఒక్కో రంగు సుమారు 5 శాతం జాగా ఆక్రమిస్తుందని వాడుకలో లెక్క. ప్రమాణం మంచిదే, రెండు ప్రింటర్లను పోల్చడానికి అదే ఆధారం. మన ఆఫీసులో ఆ కార్ట్రిడ్జ్ ఎన్ని పేజీలు ఇస్తుందో మాత్రం అది చెప్పదు.

అందుకని గత మూడు నెలల ఫైళ్లలోంచి ఇరవై నమూనా పేజీలు పీడీఎఫ్‌లుగా తీసి కవరేజి, అంటే పేజీలో ఒక్కో రంగు ఆక్రమించే జాగా శాతం, కొలిచారు. ఉచితంగా దొరికే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఇందుకు రెండు డివైస్‌లు (కొలిచే సాధనాలు) ఉన్నాయి. పేర్లు రెండూ ఇంక్‌కవ్ లాగే ఉంటాయి, ఒకదానిలో మాత్రం మధ్యలో అండర్‌స్కోర్ ఉంటుంది. అండర్‌స్కోర్ లేనిది రంగు తగిలిన ప్రతి చుక్కనూ పూర్తి చుక్కగానే లెక్కేస్తుంది. లేత నీలం బ్యాక్‌గ్రౌండు కూడా దానికి 100 శాతమే. అండర్‌స్కోర్ ఉన్నది రంగు గాఢతను కూడా చూస్తుంది. టోనర్ అంచనాకు రెండోదే వాడాలి. మొదటిది వాడి కంగారుపడినవాళ్లు చాలామంది.

ఉత్తరాలు నలుపు 4 నుంచి 5 శాతంలో ఉన్నాయి, అవి సమస్య కాదు. కలర్ పేజీల సగటు ఇలా వచ్చింది: సయాన్ (లేత నీలం) 9 శాతం, మెజెంటా (ముదురు గులాబీ) 6, పసుపు 5, నలుపు 6. సయాన్ అంత ఎక్కువ ఎందుకని వెతికితే రెండు చోట్ల దొరికింది. లెటర్‌హెడ్ పైనా కిందా పేజీ వెడల్పంతా ఉన్న ముదురు నీలి పట్టీ ఒకటి, రిపోర్టు అట్ట మీద పేజీ నిండా నీలం రెండోది. ఆ అట్ట మీద సయాన్ కవరేజి ఒక్కటే 60 శాతం. అంటే ఒక్క అట్టకు పోయిన సయాన్‌తో 5 శాతం లెక్కన పన్నెండు కలర్ పేజీలు వచ్చేవి.

వడపోత

నాలుగు పాస్‌ల యంత్రాలను ముందే పక్కన పెట్టారు. వాటిలో డ్రమ్ము ఒక్కటే, కలర్ పేజీకి నాలుగు చుట్లు తిరగాలి కాబట్టి బ్లాక్‌తో పోలిస్తే కలర్ వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంట్లో అప్పుడప్పుడు తీసుకునేవాళ్లకు సరే, తొమ్మిది మంది క్యూలో నిలబడే చోట కుదరదు. పేజీకి ఇంత అని కాంట్రాక్టు ఇచ్చే పద్ధతినీ చూశారు. నెలకు కనీసం ఇన్ని పేజీలకు కట్టాల్సిందేనన్న షరతు ఈ ఆఫీసు కలర్ వాడకానికి మించి ఉంది, అందుకని అక్కడితో వదిలేశారు.

మిగిలినవి మూడు, మూడూ సింగిల్ పాస్, అంటే నాలుగు రంగులూ ఒకే చుట్టులో వేసేవి. ధరలు చోటును బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ అంకెలన్నీ యూనిట్లలోనే. అన్నిటికంటే చవక ప్రింటర్ ధర 100 యూనిట్లు అనుకుందాం.

ఎ: ధర 100. డ్రమ్ము, టోనర్ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. నల్ల కార్ట్రిడ్జ్ 1,300 పేజీలు, 24 యూనిట్లు. రంగు కార్ట్రిడ్జ్ ఒక్కోటి 1,200 పేజీలు, 27 యూనిట్లు. పెద్ద సైజు కార్ట్రిడ్జ్ ఈ మోడల్‌కు లేదు.

బి: ధర 150. టోనర్ వేరు, డ్రమ్ములు వేరు. పెద్ద సైజు నలుపు 4,500 పేజీలు, 32 యూనిట్లు. రంగు 4,000 పేజీలు, 50 యూనిట్లు. డ్రమ్ముల సెట్టు 30,000 పేజీలు, 70 యూనిట్లు. వేస్ట్ టోనర్ బాక్స్ (వాడగా మిగిలిన పొడి చేరే డబ్బా) 8 యూనిట్లు.

సి: ధర 230. దీర్ఘకాలం మన్నే డ్రమ్ములు, మూడేళ్లలో మార్చే పని ఉండదు. నలుపు 7,000 పేజీలు, 45 యూనిట్లు. రంగు 5,000 పేజీలు, 62 యూనిట్లు. వేస్ట్ బాక్స్ 6 యూనిట్లు.

ఎ లాంటి డిజైన్‌ను ఊరికే తీసిపారెయ్యకూడదు. టోనర్ మార్చినప్పుడల్లా డ్రమ్ము కొత్తది వస్తుంది కాబట్టి ప్రింటు నాణ్యత ఎప్పుడూ తాజాగా ఉంటుంది, ఎవరైనా మార్చగలరు. నెలకు యాభై, అరవై కలర్ పేజీలు తీసేవాళ్లకు అదే సరైనది. మనకు నెలకు 350.

మూడేళ్ల లెక్క

36 నెలలకు బ్లాక్ 32,400 పేజీలు, కలర్ 12,600. కవరేజి 5 శాతాన్ని ఒక పేజీగా పెట్టుకుని మిగతావాటిని దానికి మార్చాలి. 9 శాతం సయాన్ అంటే 1.8 పేజీలు, 6 శాతం అంటే 1.2. అలా మారిస్తే నలుపు 47,520 పేజీలు, సయాన్ 22,680, మెజెంటా 15,120, పసుపు 12,600. మూడు రంగులూ కలిపి 50,400.

అంతా ఒకే కలర్ ప్రింటర్ మీద తీస్తే, ఎకి నలుపు 877, రంగులు 1,134, యంత్రం 100, మొత్తం 2,111 యూనిట్లు. యంత్రం ధరకు ఇరవై ఒక్క రెట్లు! ఖర్చు తడిసి మోపెడవడమంటే ఇదే. పెట్టె మీది 5 శాతం అంకెనే నమ్మి లెక్కేసి ఉంటే 1,781 వచ్చేది. అంటే కవరేజి కొలవకపోతే అంచనాలో పోయేది 330 యూనిట్లు, మూడు ప్రింటర్ల ధర.

బికి నలుపు 338, రంగులు 630, యంత్రం 150. డ్రమ్ముల సెట్టు 30,000 పేజీలని రాసి ఉన్నా, రెండు పేజీల జాబ్‌లకు 20,000కే వస్తుందని పెట్టుకున్నారు. 45,000 పేజీలకు, యంత్రంతో వచ్చిన సెట్టు పోను, రెండు సెట్లు కొనాలి, 140. వేస్ట్ బాక్స్ 8. మొత్తం 1,266.

సికి నలుపు 306, రంగులు 625, యంత్రం 230, వేస్ట్ బాక్సులు రెండు 12. మొత్తం 1,173.

ఇక్కడితో ఆగితే సి కొనాలి. చాలామంది ఆగేది ఇక్కడే. కానీ 45,000 పేజీల్లో 32,400 ఉత్త బ్లాక్. వాటిని తియ్యడానికి బాగా పనిచేస్తున్న బ్లాక్ లేజర్ ఒకటి మూలన ఉంది. దాని టోనర్ 3,000 పేజీలకు 20 యూనిట్లు, డ్రమ్ము 25. మూడేళ్లకు టోనర్ 216, డ్రమ్ములు రెండు 50, మొత్తం 266. ఇప్పుడు కలర్ యంత్రం మీద మిగిలేది 12,600 కలర్ పేజీలే. వాటికి ఎ 1,513, బి 888, సి 952. బి డ్రమ్ములు 20,000 దాకా వస్తాయి కాబట్టి మూడేళ్లలో కొనే పనే ఉండదు.

బి, పాత బ్లాక్ లేజర్ కలిపితే 1,154. సి ఒక్కటే అయితే 1,173. ఈ 19 యూనిట్ల తేడా ఒక రంగు టోనర్ ధరలో సగం కూడా లేదు, దాన్నిబట్టి ఏదీ తేల్చకూడదు. తేల్చినవి వేరే. రెండు ప్రింటర్లుంటే ఒకటి పడుకున్నా ఇన్‌వాయిస్ ఆగదు. సిలో డ్రమ్ము మార్చాల్సివస్తే సర్వీసు మనిషి రావాలి, బిలో మూత తీసి ఆఫీసువాళ్లే మార్చుకోవచ్చు. ఇంకొకటి లెక్కలోకి ఎక్కనిది: చాలా కలర్ లేజర్లలో బ్లాక్ పేజీ తీసినా రంగు డ్రమ్ములు కూడా తిరుగుతాయి. కాలిబ్రేషన్‌కు (యంత్రం రంగులను తనంతట తాను సరిచూసుకోవడానికి), శుభ్రానికి ప్రతి రంగులోంచీ కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. కలరే తియ్యని ఆఫీసులో కూడా రంగు టోనర్లు ఖాళీ అయ్యేది ఇందుకే. బ్లాక్ పనిని దాని దగ్గర్నుంచి తప్పిస్తే ఆ నష్టం కొంత తప్పుతుంది.

కొనకముందు చేసిన పరీక్ష

బి, సి రెండింటి మీదా ఆఫీసు సొంత ఫైళ్లే తీశారు. డెమో పేజీలు పనికిరావు, అవి ఆ యంత్రానికి నప్పేలా తయారుచేసినవి.

మొదట బూడిదరంగు అక్షరాలు, సన్న గీతలు ఉన్న పేజీ. డ్రైవర్ (కంప్యూటర్‌లో ఉండి ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్) ఆ బూడిదను నల్ల టోనర్ ఒక్కదానితో తీస్తే అంచులు పదునుగా ఉంటాయి. నాలుగు రంగులూ కలిపి తీస్తే ఆకుపచ్చకో గులాబీకో తిరుగుతుంది, పైగా రంగు దండగ. డ్రైవర్‌లో న్యూట్రల్ గ్రేను నలుపుతోనే తీసే సెట్టింగ్ ఉందో లేదో చూడాలి. ముదురు నీలం మీద చిన్న తెల్ల అక్షరాల పేజీ రెండోది. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అక్షరాల అంచుల్లో మెజెంటానో సయానో తొంగిచూస్తుంది.

160 జీఎస్‌ఎం అట్టను నిండు నీలంతో తీసి, మడిచి, మడత మీద గోటితో గీశారు. సెట్టింగ్‌లో ప్లెయిన్ పేపర్ అని ఉంచితే రెండింటిలోనూ టోనర్ పొట్టు లేచింది. థిక్ అని మార్చాక నిలబడింది. కారణం తేలికే: దళసరి కాగితం వేడి ఎక్కువ లాగుతుంది, థిక్ సెట్టింగ్‌లో యంత్రం కాగితాన్ని నెమ్మదిగా నడిపి, వేడితో టోనర్‌ను కాగితానికి అతికించే ఫ్యూజర్‌లో ఎక్కువసేపు ఉంచుతుంది. సిలో ఈ అట్ట కింది ట్రేలోంచి వచ్చింది, బిలో వెనక మూత తెరిచి తిన్నగా పోయే దారిలో ఒక్కొక్కటిగా పెట్టాలి. వారానికి మూడు అట్టలకు అదేం ఇబ్బంది కాదు.

నిద్రలోంచి లేచి మొదటి పేజీ ఇవ్వడానికి పట్టే సమయం వాచీతో చూడాలి. నిమిషానికి ఎన్ని పేజీలన్న అంకె రెండు పేజీల జాబ్‌లకు అర్థంలేనిది. అలాగే నెలకు గరిష్ఠంగా ఇన్ని వేలు అని రాసే డ్యూటీ సైకిల్. అది యంత్రం తట్టుకోగల హద్దు, రోజూ మొయ్యగల బరువు కాదు. పక్కనే చిన్నగా రాసే సిఫారసు పరిమాణమే చూడాలి. అందులో మన 2,100 పడితే చాలు.

డ్రైవర్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. చవక మోడళ్లలో కొన్ని పేజీని కంప్యూటర్‌లోనే తయారుచేయించుకుంటాయి, వాటికి సొంత భాష ఉండదు. కంపెనీ ఆ డ్రైవర్‌ను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇవ్వడం మానేస్తే యంత్రం బాగున్నా మూలపడుతుంది. పీసీఎల్ 6, పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటర్ భాషలు ఉన్నవి, ఎయిర్‌ప్రింట్ లేదా మోప్రియా (కంపెనీ డ్రైవర్ అక్కర్లేని ప్రింటింగ్ పద్ధతులు) పలికేవి ఆ గండం చాలావరకు దాటేస్తాయి.

ఎంచుకున్నది బి.

పెట్టిన రోజు

ప్రింటర్ ప్లగ్గు గోడ సాకెట్‌లోకే పోవాలి. యూపీఎస్ బ్యాటరీ వైపు పెట్టకూడదు. ఫ్యూజర్ వేడెక్కిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, చిన్న యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి కంప్యూటర్లతో సహా పడిపోతుంది. అదే లైనులో లైట్లుంటే మినుకుమంటాయి. అందుకే వేరే లైనుకు మార్చారు. మనుషుల తలల పక్కన కాకుండా గాలి ఆడే చోట, వెనక, పక్కల జాగా వదిలి పెట్టారు.

నెట్‌వర్క్ రూటర్‌లో దానికి ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) రిజర్వ్ చేశారు. ఈ పని చెయ్యకపోతే ఏదో ఒక సోమవారం ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, అందరూ కేబుల్ లాగి పెడుతూ ఉంటారు. అడ్మిన్ పాస్‌వర్డు మార్చారు.

అసలు ఆదా వచ్చింది కంప్యూటర్లలో చేసిన చిన్న మార్పుతో. ఒకే కలర్ ప్రింటర్‌కు రెండు క్యూలు పెట్టారు, ఒకటి గ్రేస్కేల్, ఒకటి కలర్. అందరికీ డిఫాల్ట్‌గా మాత్రం పాత బ్లాక్ లేజర్, అదీ రెండు వైపులా. కలర్ కావాలంటే ఎంచుకుని తియ్యాలి. ఈమెయిల్‌లో ఒక్క నీలి లింకు ఉన్నా, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో కాగితం కొంచెం పసుపుగా ఉన్నా, యంత్రం దాన్ని కలర్ పేజీగానే తీస్తుంది, కౌంటర్‌లో కలర్‌గానే వేస్తుంది. అలా తెలియకుండా పోయే పేజీలు ఏ ఆఫీసులోనైనా తక్కువేం ఉండవు.

లెటర్‌హెడ్ నీలి పట్టీని సన్నని గీత చేశారు. అట్టను తెల్లగా ఉంచి మధ్యలో చిన్న నీలి చతురస్రం పెట్టారు. సగటు సయాన్ 9 నుంచి 6కి దిగింది. మూడేళ్లకు 7,560 పేజీల సయాన్ మిగులుతుంది, బి ధరలో 94 యూనిట్లు. ఎకీ బికీ మధ్య ఉన్న ధర తేడాకు దాదాపు రెట్టింపు, పైసా ఖర్చు లేకుండా.

టోనర్ సేవ్ మోడ్ మాత్రం పెట్టలేదు. బయటికి వెళ్లే కాగితం వెలిసిపోయినట్టుంటే మళ్లీ తీస్తారు, ఆదా మొదటికే మోసం. దాని బదులు, టోనర్ తక్కువైందన్నప్పుడు ఆగిపోకుండా కంటిన్యూ అయ్యేలా మార్చారు. హెచ్చరిక వచ్చాక కూడా చాలా పేజీలు వస్తాయి. ప్రింటు పలచబడేదాకా తీసి అప్పుడు మార్చాలి, కొత్తది మాత్రం అల్మారాలో సిద్ధంగా ఉండాలి. పెట్టెతో వచ్చిన స్టార్టర్ టోనర్లు మామూలువాటికంటే చాలా ముందే అయిపోతాయి, మొదటి ఆర్డరు ఆ లెక్కన పెట్టాలి.

నిద్ర సమయం ఒక నిమిషం నుంచి పదిహేను నిమిషాలకు పెంచారు. ఒక నిమిషానికే పడుకుంటే రోజుకు ఎన్నోసార్లు లేవాలి, లేచిన ప్రతిసారీ వేడెక్కాలి, కొన్నిసార్లు కాలిబ్రేషన్ కూడా చేసుకుంటుంది. కరెంటులో మిగిలేదానికంటే ఈ తంతులో పోయేదే ఎక్కువ.

కంపాటిబుల్ టోనర్ల (వేరే కంపెనీలు చేసే చవక టోనర్ల) ప్రశ్న ఎలాగూ వస్తుంది. పాత బ్లాక్ లేజర్‌కు నమ్మకమైన కంపాటిబుల్ వాడటానికి ఒప్పుకున్నారు. చెడితే డ్రమ్ము పోతుంది, అంతే. కలర్‌కు ఒప్పుకోలేదు. నాలుగు పొడులూ ఒకే వేడికి ఒకేలా కరగాలి, ఒకే చార్జి పట్టాలి. ఒకటి తేడా అయితే రంగు మారడంతో ఆగదు, కారిన పొడి లోపలి బెల్టు మీద, వేస్ట్ బాక్స్‌లో చేరుతుంది. పైగా ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యాక కార్ట్రిడ్జ్ చిప్పును గుర్తించకుండా నిరాకరించే మోడళ్లు మార్కెట్‌లో ఉన్నాయి. కంపాటిబుల్ మీదే లెక్క ఆధారపడి ఉంటే, కొనకముందే ఆ మోడల్ సంగతి తెలుసుకోవాలి.

ఆర్నెల్లలో వచ్చిన ఇబ్బందులు

మొదటి నెలలోనే నిండు రంగుల మీద మచ్చలు మచ్చలుగా తెలుపు కనబడింది. టోనర్ చెడ్డదనుకుని పెట్టె వాపసు కట్టబోయారు. చూస్తే రీమ్ విప్పి కిటికీ పక్కన వారం రోజులు పెట్టారు, కాగితం తేమ పట్టింది. తేమ కాగితం మీదకు టోనర్ సరిగ్గా ఎక్కదు, వేడి తగిలాక వంకర కూడా తిరుగుతుంది, రెండో వైపు తీసేటప్పుడు ఇరుక్కుంటుంది. కొత్త రీమ్ పెట్టగానే పోయింది. అప్పటినుంచి ట్రేలో పట్టినంతే విప్పుతున్నారు, మిగతాది కవర్లోనే. నాసిరకం కాగితంలో దుమ్ము ఎక్కువ, ట్రేలోంచి కాగితం లాగే పికప్ రోలర్ నున్నబడి పనిచెయ్యదు. తడి గుడ్డతో రోలర్ తుడిచి ఆరనిస్తే చాలాసార్లు సరిపోతుంది, రోలర్ కొనక్కర్లేదు.

మూడో నెలలో ప్రతి పేజీ మీదా ఒకే వరసలో, సమాన దూరంలో మరకలు. ఇక్కడ స్కేలు పెట్టి కొలవాలి. మరకల మధ్య దూరం ఏ రోలర్ చుట్టుకొలతకు సరిపోతే తప్పు అక్కడ. 24 మిల్లీమీటర్ల డ్రమ్ముకు సుమారు 75 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్ల డ్రమ్ముకు 94. ఏ మోడల్‌లో ఏ రోలర్‌కు ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. మరక ఒకే రంగులో ఉంటే ఆ రంగు డ్రమ్మునో, డ్రమ్ముకు టోనర్ అందించే డెవలపర్‌నో అనుమానించాలి. రంగుతో సంబంధం లేకుండా, ఖాళీ పేజీ మీద కూడా పడుతుంటే ఫ్యూజర్‌నో బెల్టునో చూడాలి. ఇక్కడ దూరం ఫ్యూజర్‌కు సరిపోయింది. మూత తీసి చూస్తే ఒక లేబుల్ ముక్క ఫ్యూజర్ రోలర్‌కు అతుక్కుని ఉంది. ఎవరో సగం లేబుళ్లు పీకేసిన షీటును మళ్లీ ట్రేలో పెట్టారు. లేబుల్ లేచిన చోట జిగురు బయటపడుతుంది, ఫ్యూజర్ వేడికి కరిగి రోలర్‌ను పట్టుకుంటుంది. చాకుతో గీకితే రోలర్ పై పూత పోతుంది, అది ఇంకా పెద్ద నష్టం. ఫ్యూజర్ మార్చాల్సివచ్చింది, లెక్కలో లేని 40 యూనిట్లు పోయాయి. ఇప్పుడు ట్రే మీద రెండు వాక్యాల కాగితం అంటించారు: వాడిన లేబుల్ షీటు వద్దు, ఇంక్‌జెట్ ఫొటో కాగితం వద్దు. ఈ రెండోది పెడితే పూత కరిగి అదే గతి పడుతుంది.

ప్రింటర్‌ను ఆఫీసులో ఈ మూల నుంచి ఆ మూలకు జరిపాక నీలం అంచున మెజెంటా గీత కనబడింది. మెనూలోంచి కలర్ రిజిస్ట్రేషన్ (రంగులను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టే పని) నడిపితే సరిపోయింది. జరిపేటప్పుడు బల్లపరుపుగా ఎత్తాలి, ఒకవైపు వంచితే టోనర్ ఒలుకుతుంది. దూరం తీసుకెళ్లాలంటే టోనర్లు, వేస్ట్ బాక్స్ తీసి విడిగా పట్టుకెళ్లాలి. ఒలికిన పొడిని వేడినీళ్లతో కడగకూడదు, బట్టలకు అతుక్కుపోతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్నపొడి దాని ఫిల్టర్ దాటి గదంతా చిమ్ముతుంది. పొడి గుడ్డ, తర్వాత చల్లనీళ్లలో తడిపిన గుడ్డ చాలు.

పెద్ద పీడీఎఫ్‌లు కొన్ని మధ్యలో ఆగిపోయేవి, లేకపోతే ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ వచ్చేది. ఇన్‌స్టాలర్ తనంతట తాను పెట్టిన డ్రైవర్‌ను తీసి పీసీఎల్ 6 పెట్టాక ఆ ఫైళ్లలో చాలావరకు వచ్చాయి. రానివాటికి పీడీఎఫ్ రీడర్‌లో ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్కు పెడుతున్నారు, కాస్త నెమ్మదిగా వస్తాయి.

ఆరో నెలాఖరు కౌంటర్ ప్రకారం కలర్ సగటు నెలకు 260 పేజీలకు దిగింది, డిఫాల్ట్ బ్లాక్ పెట్టడం వల్లే. బ్లాక్ 950కి చేరింది, కాగితం వాడకం మాత్రం తగ్గింది, అది రెండు వైపులా తియ్యడం (డ్యూప్లెక్స్) పుణ్యం. డ్రమ్ము కౌంటర్‌ను పేజీ కౌంటర్‌తో పోల్చి చూశారు, ఆయుష్షు పేజీల లెక్క కంటే వేగంగానే తరుగుతోంది. 30,000 బదులు 20,000 పెట్టుకోవడం సరైనదే.

ఏడాదికోసారి ఈ పట్టికను మళ్లీ తియ్యాలని ఆఫీసువాళ్లకు చెప్పారు. చూడాల్సిన అంకె ఒకటే, కలర్ నెలకు 550 దాటుతోందా అన్నది. దాటితే మూడేళ్లలో 20,000 కలర్ పేజీలు మించి బికి డ్రమ్ముల సెట్టు కొనాల్సివస్తుంది, అక్కడి నుంచి సి లెక్క చవకవుతుంది. అయితే దానికోసం పనిచేస్తున్న బిని అమ్మెయ్యకూడదు. డ్రమ్ములు మార్చే వేళకు ఒకసారి ఆలోచిస్తే సరి.